బంద్ రోజు సంతకం

విమాన సంస్థలో పనిచేసి రిటైరయ్యానని చెబితే ఎదుటివాళ్ల ముఖం వెలిగిపోతుంది. ఎన్ని దేశాలు తిరిగారని అడుగుతారు. నేను మొదట చేరిన సంస్థ ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించుకోలేదని, నా ఉద్యోగమంతా రెండు ఇనుప బీరువాల మధ్య కుర్చీలో గడిచిందని చెప్పేసరికి మాట మార్చేస్తారు. ఈ మధ్య మా బంధువుల అమ్మాయి ఒకతె విమానాల మరమ్మతు రికార్డుల విభాగంలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వచ్చింది. "బోర్ కొడుతుందేమో అంకుల్" అంది. ఆ పనిలో బోర్ కొట్టడమంటే అదృష్టమని అర్థం. ఆ పిల్లకు నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కుర్చీల్లో ఇప్పుడిప్పుడే కూర్చుంటున్నవాళ్లు మీలో ఇంకా ఉంటారు, మీరూ చదవండి.

ప్రైవేటువాళ్లు కూడా విమానాలు నడుపుకోవచ్చని ప్రభుత్వం తలుపులు తెరిచిన కొత్త రోజులవి. కలకత్తాలో కొందరు పెద్దమనుషులు కలిసి ఒక సంస్థ పెట్టారు. ఈశాన్య రాష్ట్రాలకూ, ఒరిస్సా మీదుగా విశాఖపట్నానికీ చిన్న విమానం నడపాలని వాళ్ల ఆలోచన. విశాఖపట్నం పేరు కనపడగానే నేను దరఖాస్తు పెట్టేశాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కలకత్తా కార్పొరేషన్‌లో నీళ్ల గొట్టాలు బిగించి బిగించి రిటైరైనవాడు. ఖిదిర్‌పూర్‌లో రేవు కూలీల ఇళ్ల మధ్య మా ఇల్లు. ఊరికి వెళ్లాలంటే రైల్లో మరుగుదొడ్డి పక్కన కూర్చుని వెళ్లిన కుటుంబం మాది. కొడుకు ఆ ఊరి దిక్కుకు విమానం నడిపే కంపెనీలో చేరాడని మా నాన్న సందంతా చెప్పుకొచ్చాడు.

అప్పటికి నేను ఓడల మరమ్మతు చేసే ఒక వర్క్‌షాపులో రికార్డుల గుమాస్తాను. కాగితం చేతికొస్తే అందులో ఏం రాశారో కాదు, ఏం రాయలేదో ముందు కనపడే కన్ను నాది. ఆ కన్ను చూసే తీసుకున్నారు. నాతోపాటు మా సందులోనే ఉండే మావను కూడా చేర్పించాను. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటినుంచీ మావా అని పిలవడం అలవాటు. విమానాల షెడ్డుల్లో ఇరవై ఏళ్లు మెకానిక్‌గా చేసినవాడు. ఇంజను మీద చెయ్యి వేసి లోపల తేమ ఉందో లేదో చెప్పేవాడు. లైసెన్సు మాత్రం లేదు, ఎందుకంటే పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది. మా ఇంజనీరు భవానీపూర్ బెంగాలీ. అందరం దాదా అనేవాళ్లం, బెంగాలీలో అన్న అని. ఎవరిమీదా గొంతు ఎత్తని మనిషి, మధ్యాహ్నం తన డబ్బాలోని చేప ముక్క మావకు పెట్టి, మావ తెచ్చుకున్న గోంగూర తను తినేవాడు. లైసెన్సు ఉన్నది మొత్తం సంస్థలో దాదా ఒక్కడికే. పని ఎవరి చేతులు చేసినా, చూసి సంతకం పెట్టాల్సింది ఆయనే.

విమానం ఒక్కటే, అదీ విదేశం నుంచి అద్దెకు తెచ్చిన పాతది. దమ్‌దమ్‌లో రన్‌వేకు బాగా దూరంగా ఒక షెడ్డులో నిలబెట్టాం. ఎగరడానికి అనుమతి ఢిల్లీ నుంచి రావాలి. అనుమతి అంటే ఒక కాగితం అనుకునేవాణ్ణి. అది మెట్లు మెట్లుగా ఉంటుందని, ఒక్కో మెట్టు దగ్గర మాన్యువళ్లనే నియమాల పుస్తకాలు, రికార్డులు అన్నీ చూసి తప్పులుంటే వెనక్కి పంపుతారని చేరాక తెలిసింది. మొదటిసారి మా మాన్యువల్ పంపితే పేజీ సంఖ్య లేదని, ఒకచోట తేదీ లేదని, ఇంకోచోట గడి ఖాళీగా వదిలేశారని అభ్యంతరాలతో తిరిగొచ్చింది. సరిచేసి పంపితే మళ్లీ జవాబు రావడానికి రెండు నెలలు. ఇలా ఏడాదిన్నర గడిచింది. అరవై మందిమి రోజూ వచ్చి, ఎగరని విమానం చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాళ్లం. దుర్గా పూజల లోపు అనుమతి రాకపోతే విమానం వెనక్కి తీసుకుపోతామని దాని యజమానులు చివరి కబురు పంపారు. విమానం పోతే సంస్థ లేదు, సంస్థ లేకపోతే మేం లేము.

అప్పటినుంచే నాకు ఖాళీ గడి అంటే భయం పట్టుకుంది. భయమని అప్పుడు ఒప్పుకోలేదు, శ్రద్ధ అనుకున్నాను. నిలబెట్టిన విమానానికి ఏడు రోజులకొకసారి ఒక తనిఖీ ఉండేది. ఒకేచోట నిలబడి చక్రాలు చదును కాకుండా కాస్త జరపాలి, ఇంజన్ల పంకాలు చేత్తో తిప్పాలి, ఇంధనం ట్యాంకుల అడుగున చేరిన నీళ్లు దింపెయ్యాలి. ఒక్క రోజు కూడా దాటకూడదని మా మాన్యువల్లో మేమే గట్టిగా రాసుకున్నాం, ఢిల్లీవాళ్లు మెచ్చుకుంటారని. ఆ తనిఖీల పట్టికలో నెల మొదట్లోనే తేదీలన్నీ నా చేత్తో వరసగా రాసి పెట్టేవాణ్ణి. ముత్యాల్లాంటి అక్షరాలు. దాదా వచ్చి పక్కన సంతకం పెట్టడమే మిగిలేది. ఇది మహా గొప్ప పద్ధతని మేనేజరు మెచ్చుకున్నాడు. మీలో ఎవరైనా ఇలాంటి పని చేస్తుంటే ఈరోజే మానెయ్యండి.

వర్షాకాలం నడుస్తుండగా ఢిల్లీ నుంచి తనిఖీ అధికారి ఫలానా రోజు వస్తానని కబురు చేశాడు. సరిగ్గా ఆ రోజుకే బంద్ ప్రకటించారు. బంద్ అంటే ఆ రోజుల్లో కలకత్తాలో ఎలా ఉండేదో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. బస్సు, ట్రాము, మెట్రో, టాక్సీ ఏవీ ఉండవు, నడిరోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. విమానాశ్రయం ఉద్యోగుల బళ్లకు అద్దం మీద అంటించుకునే చీటీ ఇచ్చి వదిలేవాళ్లు. మేమింకా ఎగరని విమానం వాళ్లం కాబట్టి మాకు ఆ చీటీ కూడా లేదు. మేనేజరు చెబుతుంటే ఢిల్లీకి ఫ్యాక్స్ నేనే టైపు చేశాను. బంద్ కారణంగా మా సిబ్బంది ఎవరూ ఆ రోజు విమానాశ్రయం చేరుకునే వీలు లేదు, దయచేసి మీ రాక వాయిదా వేసుకోగలరు అని. దాని నకలు రెండో బీరువాలో, ఉత్తర ప్రత్యుత్తరాల ఫైల్లో పెట్టి తాళం వేశాను. అదే రోజు ఏడు రోజుల తనిఖీ కూడా పడుతోందన్న సంగతి మొదటి బీరువాలో ఉంది. రెండు తాళాలూ నా జేబులోనే ఉన్నాయి, నా బుర్రకే తట్టలేదు. ఒకరోజు ముందే చేసేసి ఉండొచ్చు. ఎవరమూ అనుకోలేదు.

అనుకున్నవాడు మావ ఒక్కడే. బంద్ మర్నాడు నేను షెడ్డుకు వెళ్లేసరికి రెక్క కింద దుప్పటి మడత పెడుతూ కనిపించాడు.

"ఏటి మావా, ఇంటికెల్లలేదా?"

"ఎలాగెల్తాను? మొన్న సాయంత్రవే దుప్పటీ మరమరాలూ అట్టుకొచ్చీసి ఇక్కడే ఉండిపోనాను. నిన్న ఏడో రోజు గదా, ఎవులూ రారని తెలుసు. పనంతా నానే సేసినాను. సక్రాలు జరిపినాను, నీల్లు దింపినాను. ఇంజను మూతికాడ మైనా గూడెట్టిందిరా, అదీ తీసీసినాను. దాదా సంతకవొకటే ఉండిపోనాది" అన్నాడు.

ఆయన ముఖంలో ఎంత సంతోషమంటే, విమానం తనదే అన్నట్టు. ఎవరూ చెప్పకుండా, ఒంటరిగా, నలుగురి పని చేశాడు. భుజం తట్టి మెచ్చుకున్నాను. నా మనసు మాత్రం పట్టికలో తేదీ పక్కన తెల్లగా ఉన్న గడి మీదే ఉంది.

దాదా వచ్చాక సంగతంతా చెప్పాను. ఆయన తక్కువ మనిషి కాదు. చొక్కా చేతులు పైకి మడిచి, మావ చేసిన ప్రతి పనీ మళ్లీ స్వయంగా చూశాడు. గంటకు పైగా పట్టింది. అంతా సరిగ్గా ఉందన్నాడు. కలం తీసి, నేను రాసిన తేదీ కొట్టేసి పక్కన ఇవాళ్టి తేదీ వేస్తానన్నాడు.

"అలా వేస్తే ఎనిమిదో రోజవుతుంది దాదా" అన్నాను బెంగాలీలో. "ఉన్న అభ్యంతరాలు చాలవా? పని జరిగింది నిన్న కదా, నిన్నటి తేదీ అబద్ధమేమీ కాదు."

"నిన్న నేను లేను కదా భాయ్."

"మావ ఉన్నాడు. మీరు ఇవాళ చూశారు. కొట్టివేత ఉంటే ఢిల్లీవాళ్లు ఊరుకుంటారా? పూజలు ఎంతో దూరం లేవు."

దాదా కాసేపు ఆ పేజీ వైపే చూశాడు. కొట్టివేత లేని పేజీ అది, నెలల తరబడి ఒక్క మరక లేకుండా కాపాడుకుంటూ వచ్చాను. "తోమార్ ఖాతా, తుమి జానో" అన్నాడు చివరికి. నీ పుస్తకం, నీకే తెలియాలి అని. సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసేశాను. ఆ రోజు భోజనం కూడా బాగా రుచించింది.

మూడు వారాలకు అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, సొంత ఫ్లాస్కులో టీ తెచ్చుకున్నాడు, మేం పెట్టిన సందేశ్ మిఠాయి ముట్టుకోలేదు. రెండు రోజులు నా బీరువాలు చూశాడు. ఇంత శుభ్రమైన రికార్డులు ఈ మధ్య చూడలేదని అన్నాడు. నేను ఆ మాట ఇంట్లో చెప్పుకున్నాను కూడా. మూడో రోజు మధ్యాహ్నం తనిఖీల పట్టిక ముందేసుకుని, ఒక తేదీ మీద వేలు పెట్టి ఆగాడు. తన ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. అది మా ఫ్యాక్సే.

"మీ సిబ్బంది ఎవరూ రాలేరని ఈ తేదీకే కదా రాశారు?" అని మేనేజరును అడిగాడు. మేనేజరు ఆ కాగితం అందుకుని తిప్పి చూశాడు.

అధికారి దాదా వైపు తిరిగాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఆ రోజు మీరు వచ్చారా?"

దాదా అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. "పని సరిగ్గా జరిగింది. నేను చూశాను" అన్నాడు. ఎప్పుడు చూశాడో అనలేదు. అప్పుడు నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ అలాగే గుర్తుంది, అందులో నిందేమీ లేదు. ఒక్క మాట సాయం వస్తుందేమోనని చూసినట్టు ఉంది.

అధికారి మావను పిలిపించాడు. హిందీలో అడిగాడు, ఆ రోజు పని ఎవరు చేశారని. మావ మెచ్చుకోవడానికే పిలిచారనుకున్నాడు. నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుని నిలబడి, ఖిదిర్‌పూర్ హిందీలో అంతా చెప్పాడు. ముందురోజు సాయంత్రమే వచ్చానని, ఒక్కణ్ణే చేశానని, మైనా గూడు సంగతి కూడా. ఇంజనీరు సాహెబ్ ఉన్నారా అంటే, "నై సాబ్, బంద్ థా నా. హమ్ అకేలా థా" అన్నాడు గర్వంగా. చెప్పాక గదిలో మా ముఖాలు చూసి, ఏదో తప్పు జరిగిందని అర్థమై మాట ఆపేశాడు.

ఆఖరికి అధికారి అదే హిందీలో నన్ను అడిగాడు. గొంతు మెత్తగానే ఉంది. "రికార్డులు మీవి. ఈ సంతకం తరవాత పెట్టారన్న సంగతి మీకు తెలుసా?"

నాకు జవాబు చెప్పడానికి ఎంతో సమయం ఇచ్చాడు. కలం మూత పెట్టాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తెలుసు సార్, నేనే పెట్టించాను, తప్పు నాదే అనడానికి నాలుగు మాటలు చాలు. ఇంట్లో రిటైరైన నాన్న, ఇద్దరు పిల్లలు, మళ్లీ ఓడల వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడాల్సిన అవసరం, ఇవన్నీ గుర్తొచ్చాయని రాస్తే మీరు జాలిపడతారు. నిజానికి అవేవీ గుర్తు రాలేదు. ఇంత శుభ్రమైన రికార్డులని మెచ్చుకున్న మనిషి ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోయింది, అంతే.

"నో సర్" అన్నాను.

మావకు ఇంగ్లీషు రాకపోయినా ఆ రెండు మాటలూ వచ్చు. నా వైపు చూశాడు. దాదా మాత్రం నా వైపు చూడలేదు. కిటికీలోంచి బయట నీళ్లు నిలిచిన సిమెంటు నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. తరవాత కూడా, సంతకం నాది, బాధ్యత నాది అని రాసిచ్చాడు తప్ప నా పేరు ఎత్తలేదు.

ఆ సాయంత్రం అధికారి ఫైళ్లు కారుదాకా మోసింది నేనే. ఎక్కబోతూ మేనేజరుతో అన్న మాటలు నా చెవిన పడ్డాయి. "ఒకరోజు ఆలస్యమైందని రాసి ఉంటే నేనూ ఒక వాక్యం రాసి వదిలేసేవాణ్ణి. గడి ఖాళీగా ఉన్నా అంతే. కనీసం మీ రికార్డులవాడికి తెలిసినా, మీలో తప్పు పట్టుకునే మనిషి ఒకడున్నాడని రాసేవాణ్ణి. ఇప్పుడు ఈ బీరువాల్లో ఏ సంతకాన్ని నమ్మమంటారు?" ఫైళ్లు సీటు మీద పెట్టి పక్కకు తప్పుకున్నాను.

ఉత్తరం త్వరగానే వచ్చింది. దాదా లైసెన్సు నిలిపివేశారు. ఆయన సంతకం పెట్టిన ప్రతి పనీ మళ్లీ చేసి చూపించాలని, మా దరఖాస్తు రెండు మెట్లు కిందికి దింపుతున్నామని రాశారు. పూజలకు మైకులు కడుతుండగా విదేశం నుంచి ఇద్దరు పైలట్లు వచ్చి విమానం తీసుకుపోయారు. అది నేలను వదలడం నేను చూసింది ఆ ఒక్కసారే. చక్రాల కింద దిమ్మలు తీసింది మావ. అది మబ్బుల్లోకి పోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కొందరు ఏడ్చారు. కొందరు మావను తిట్టారు. అడిగినదానికి మించి వాగి అరవై మంది కడుపు కొట్టాడని, సత్యబాది బాబు, అంటే సత్యం పలికే బాబుగారు అని మొహం మీదే వెక్కిరించేవాళ్లు. నేను అక్కడే ఉన్నాను, నోరు విప్పలేదు.

నాకు ఉద్యోగం తొందరగానే దొరికింది. మరో ఊళ్లో మరో విమాన సంస్థ, ఇంటర్వ్యూలో ఆ వ్యవహారం అడిగారు. విచారణ కాగితాల్లో నా ప్రమేయం లేదని ఉంది కాబట్టి తలాడించారు. అక్కడే పెద్ద హోదాలో రిటైరయ్యాను. దాదా లైసెన్సు కొన్నాళ్లకు తిరిగి వచ్చిందట గానీ పిలిచి పని ఇచ్చినవాళ్లు లేరు. భవానీపూర్‌లో తమ్ముడి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో కూర్చునేవాడు. సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి బస్సులోంచి చూశాను, ఎవరికో బల్బు వెలిగించి చూపిస్తున్నాడు. దిగుదామని లేచి, స్టాపు దాటాక మళ్లీ కూర్చున్నాను. కొన్నేళ్లకు ఆయన పోయాడని తెలిసింది.

మావ ఖిదిర్‌పూర్ వదిలి గంగ అవతల షాలిమార్ వైపు వెళ్లిపోయాడు. మా నాన్న కర్మకాండలు ముగించుకుని షాలిమార్‌లో రైలెక్కబోతుంటే ఆయనే నన్ను గుర్తుపట్టాడు. గూడ్స్ యార్డులో బస్తాల లెక్క చూస్తున్నాడట. జుట్టంతా నెరిసింది. మట్టి ముంతలో టీ ఇప్పించాడు, డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు. పిల్లల గురించి, నాన్న గురించి అడిగాడు.

"దాదా పోనాడట గదా" అన్నాడు ఉన్నట్టుండి. "నానే సంపీసినాన్రా ఆడ్ని."

"అదేటి మావా!"

"మరేటి? పెద్ద మొగోడ్నాగ అంతా సెప్పీసినాను. నా నోరు పడిపోను. నువ్వు సూడు, నీకు తెలిసి కూడా తెలీదన్నావు. ఆ మర్నాడు పొద్దుటే నానే నీకు సెప్పినాను గదా. దాదాని కాయడానికే నువ్వు అబద్దవాడినావని నాకప్పుడే తెలిసిపోనాది. నాకా పాటి బుద్ది ఉంటే విమానం ఉండేది, దాదా ఉండేవోడు. ఇన్నేల్లుగా ఒక్క రేత్రి సరిగ్గా పడుకుంటే ఒట్టు."

ముంత నా చేతిలో కాలుతోంది. రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాలేదు, సమయం చాలా ఉంది. పక్కన మరెవరూ లేరు. అధికారి అడిగినప్పుడున్న భయం కూడా లేదు, ఇప్పుడు పోయేది ఏమీ లేదు. ఆయన కళ్లు తుడుచుకుని, నా మాట కోసం చూస్తున్నాడు.

"అది నీ తప్పు కాదులే మావా" అన్నాను.

ఎవరి తప్పో చెప్పలేదు.